ఫైర్‌వాల్ అనుమతి: ఎవరికి, ఏ దారిలో, ఎంతవరకు

విండోస్ కంప్యూటరులో ఫైళ్లు పంచుకునే ప్రోగ్రామును మొదటిసారి నడిపినప్పుడు తెరమీద ఒక చిన్న హెచ్చరిక పెట్టె కనిపిస్తుంది. నెట్‌వర్కులోని ఇతరులు ఈ ప్రోగ్రామును చేరుకోవడానికి ఒప్పుకుంటారా అని అడిగే ఆ పెట్టెలో, విండోస్ వెర్షనును బట్టి మాటలు కొంత మారినా, అనుమతించడానికి ఒకటి, ‘క్యాన్సిల్’ అని ఒకటి, రెండే బటన్లు ఉంటాయి. పని తొందరలో ఉన్నవారు మొదటిది నొక్కుతారు, జాగ్రత్తపరులు రెండోది నొక్కుతారు; క్యాన్సిల్ నొక్కినవారు నిర్ణయాన్ని వాయిదా వేశామని అనుకుంటారు గాని, అక్కడ వాయిదా అనేదే లేదు. ఆ బటను నొక్కగానే ఫైర్‌వాల్ ఆ ప్రోగ్రాము పేరిట సమాచారం పోయే పద్ధతులైన టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి చొప్పున సాధారణంగా రెండు నిరోధక నియమాలు రాసిపెట్టుకుంటుంది. కంప్యూటరులో అడ్మినిస్ట్రేటర్ హక్కు లేని ఖాతాతో పనిచేసేవారికైతే చాలా సందర్భాల్లో ఆ పెట్టె కూడా కనిపించదు, నియమాలు మాత్రం చడీచప్పుడు లేకుండా చేరిపోతాయి. కొంతకాలానికి ఫైళ్లు రావడం లేదని గమనించి కొత్తగా ఒక అనుమతి నియమం చేర్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఒకే ప్రోగ్రాము మీద అనుమతి, నిరోధం రెండూ ఉన్నప్పుడు విండోస్ ఫైర్‌వాల్ నిరోధానికే పెద్దపీట వేస్తుంది. చివరకు విసుగెత్తి ఫైర్‌వాల్‌ను మొత్తంగా ఆపివేయడం, వెంటనే ప్రోగ్రాము పనిచేయడం చూసి తప్పంతా ఫైర్‌వాల్‌దేనని తేల్చుకోవడం, దానిని మళ్లీ నడపడం మరచిపోవడం ఇళ్లలోనూ చిన్న కార్యాలయాల్లోనూ తరచు జరిగేదే. రెండు నియమాలు తుడిచివేస్తే తీరిపోయే ఇబ్బందికి రక్షణనంతా వదులుకోకుండా, ఒక ప్రోగ్రాముకు కావలసినంత దారి మాత్రమే ఎలా ఇవ్వవచ్చునన్నదే ఈ ప్రసంగ విషయం.

ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు పోయే సమాచారం ఒక్క ముద్దగా పోదు. ప్యాకెట్లు అనే చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి ప్రయాణిస్తుంది, ప్రతి ముక్క మొదట్లోనూ అది ఎక్కడ బయలుదేరిందో, ఎక్కడికి చేరాలో, ఏ పద్ధతిలో పోతున్నదో రాసి ఉంటుంది. ‘ఎక్కడికి’ అన్నదానికి రెండు భాగాలున్నాయి. మొదటిది యంత్రాన్ని గుర్తించే ఐపీ చిరునామా. రెండోది, ఆ యంత్రంలో ఒకేసారి నడుస్తున్న అనేక ప్రోగ్రాములలో ఆ ప్యాకెట్టు దేనికి అందాలో చెప్పే పోర్టు సంఖ్య. అపార్ట్‌మెంటు చిరునామా ఒక్కటే తెలిసినవాడు గేటు దాకా రాగలడు గాని, ఫ్లాటు నంబరు కూడా తెలిస్తే తప్ప కావలసిన తలుపు తట్టలేడు. ఐపీ చిరునామాకూ పోర్టుకూ ఉన్న సంబంధం అటువంటిదే. పోర్టు సంఖ్యకు 16 బిట్ల చోటు కేటాయించినందువల్ల 0 నుంచి 65,535 వరకు సంఖ్యలు వస్తాయి. వీటిలో 1023 వరకు ఉన్నవి వెబ్‌సైట్లకు వాడే 80, 443, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సేవకు వాడే 53 వంటి ప్రసిద్ధ సేవల కోసం ప్రత్యేకించినవి. పద్ధతులలో ముఖ్యమైనవి రెండు. టీసీపీలో ఇరుపక్షాలూ ముందుగా మూడు ప్యాకెట్లతో పలకరించుకుని, పంపిన ప్రతి భాగమూ అందిందో లేదో సరిచూసుకుంటూ సాగుతాయి. యూడీపీలో ఆ పలకరింపూ ఉండదు, రసీదూ ఉండదు. ఒకే సంఖ్య గల పోర్టు టీసీపీలో వేరు, యూడీపీలో వేరు కాబట్టి, ఒకదానికే అనుమతి ఇచ్చి రెండోదాన్ని మరచినవారికి ప్రోగ్రాము సగం పనిచేసి సగం పనిచేయకుండా చిత్రంగా కనిపిస్తుంది.

ఫైర్‌వాల్ అనేది ప్యాకెట్టు మీద ఉన్న ఈ రాతను చదివి, తన దగ్గరున్న నియమాలతో పోల్చి, లోపలికి రానివ్వాలో వద్దో తేల్చే ప్రోగ్రాము. ఇంటర్నెట్‌లో వార్తలు చదవడానికి, వీడియోలు చూడడానికి, ఉత్తరాలు పంపడానికి ఎవరూ ఫైర్‌వాల్‌ను సరిదిద్దవలసిన అవసరం లేకపోవడానికి కారణం అది ప్యాకెట్లను విడివిడిగా గాక వరుసలో గమనించడమే. లోపలి బ్రౌజరు బయటి సర్వరును తానుగా పలకరించినప్పుడు ఫైర్‌వాల్ ఆ సంగతిని ఒక పట్టికలో రాసుకుంటుంది. కొన్ని మిల్లీసెకన్ల తరువాత ఆ సర్వరు నుంచి ప్యాకెట్టు వస్తే, ఇది అడిగినదానికి వచ్చిన జవాబేనని పట్టిక చూసి గుర్తించి లోపలికి పంపుతుంది. పట్టికలో లేనిది, అంటే లోపలివారు ఎవరూ అడగకుండా బయటినుంచి తనంత తానుగా వచ్చిన పలకరింపు, అనుమతించే నియమం ఏదీ లేకపోతే అక్కడే రాలిపోతుంది. పంపినవాడికి కాదన్న జవాబు కూడా పోదు. విండోస్ ఫైర్‌వాల్ సహజ ధోరణి ఇదే: బయటికి పోయేదానిని వద్దన్న నియమం ఉంటే తప్ప పోనిస్తుంది, లోపలికి వచ్చేదానిని రావచ్చునన్న నియమం ఉంటే తప్ప రానివ్వదు. ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేరుకు చిక్కు వచ్చేది ఇక్కడే, ఎందుకంటే అది అడిగేది మాత్రమే గాక, ఇతరులు అడిగితే ఇచ్చేది కూడా. ఒక పోర్టు దగ్గర చెవి ఒగ్గి, ఎప్పుడు ఎవరు పలకరిస్తారా అని కాచుకుని ఉండడం దాని పనిలో సగభాగం.

ఇంటి కంప్యూటరుకు ఇంత కట్టడి మొదటినుంచీ లేదు. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నా, వాడుకరి వెతికి నడిపిస్తే తప్ప అది నిద్రలోనే ఉండేది. 2003 జూలై 16న మైక్రోసాఫ్ట్ తన రిమోట్ ప్రొసీజర్ కాల్ సేవలోని ఒక లోపాన్ని పూడ్చే సవరణను విడుదల చేసింది. ఆ సవరణ వేసుకోని యంత్రాలను వెతుక్కుంటూ ఆగస్టు 11 నాటికి బ్లాస్టర్ అనే వార్మ్ ప్రపంచమంతా పాకింది. వార్మ్ అంటే ఎవరూ ఏదీ తెరవకుండానే, క్లిక్ చేయకుండానే, ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి తనంత తానుగా వ్యాపించే ప్రోగ్రాము. బ్లాస్టర్ టీసీపీ 135వ పోర్టును తట్టి లోపలికి దూరేది, దూరిన యంత్రాలలో చాలావాటి మీద 60 సెకన్లలో కంప్యూటరు ఆగిపోతుందన్న లెక్కింపు కనిపించేది. ఆ వాడుకరులు చేసిన తప్పల్లా ఇంటర్నెట్‌కు కనెక్టు కావడమే. మరుసటి సంవత్సరం ఏప్రిల్ చివర సాసర్ అనే మరో వార్మ్ 445వ పోర్టు మీదుగా అదే పని చేసింది. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 ఫైర్‌వాల్‌ను పుట్టుకతోనే మేలుకుని ఉండేటట్టు మార్చింది. అప్పటినుంచే ఫైళ్లు పంచుకునే ప్రోగ్రాములు వాడేవారికీ ఫైర్‌వాల్‌కూ మధ్య తగువు మొదలైందని చెప్పవచ్చు.

తగువులో రెండో పక్షానికీ చరిత్ర ఉంది. 1999లో వచ్చిన నాప్‌స్టర్‌లో ఎవరి దగ్గర ఏ పాట ఉందో చెప్పే సూచిక మాత్రమే కేంద్ర సర్వరులో ఉండేది, పాట నేరుగా ఒకరి కంప్యూటరు నుంచి మరొకరి కంప్యూటరుకు పోయేది. కోర్టు తీర్పుతో 2001 జూలైలో అది మూతపడే నాటికే, కేంద్ర సూచిక కూడా లేని న్యుటెల్లా వంటి పద్ధతులు పుట్టుకొచ్చాయి. అదే 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు బిట్‌టొరెంట్‌ను రూపొందించాడు. బిట్‌టొరెంట్‌లో పెద్ద ఫైలును ముక్కలుగా విడగొడతారు, దానిని కోరుకునేవారందరూ తమకు అందిన ముక్కలను అందనివారికి ఇస్తూ, లేనివాటిని ఇతరుల నుంచి పుచ్చుకుంటూ పోతారు. కాబట్టి గిరాకీ పెరిగిన కొద్దీ ఇచ్చేవారూ పెరుగుతారు. ఇందులో ప్రతి కంప్యూటరూ ఒకే సమయంలో అడిగేదీ, ఇచ్చేదీ కూడా. అందువల్ల ఫైర్‌వాల్ వెనుక పోర్టు మూసుకుని ఉన్న వాడుకరి తాను ఇతరులను పలకరించి ముక్కలు తెచ్చుకోగలడు, ఆ కనెక్షను మీదనే ముక్కలు ఇవ్వనూ గలడు. ఇతరులు వచ్చి తనను పలకరించడం మాత్రం సాధ్యం కాదు. ఇద్దరికీ పోర్టులు మూసి ఉంటే ఇద్దరూ పక్క గదుల్లో తలుపులు వేసుకుని ఉన్నట్టే, మూడోవాడి సహాయం లేకుండా కలవలేరు. ఈమ్యూల్ అనే ప్రోగ్రాము దీనిని దాచకుండా చెప్పేది: పోర్టు తెరిచి ఉన్నవారికి ‘హై ఐడీ’, మూసి ఉన్నవారికి ‘లో ఐడీ’ అని హోదాలు ఇచ్చేది, లో ఐడీ వారిద్దరి మధ్య బేరం కుదిరేది కాదు.

ఈ వివరం నుంచి ఆచరణకు పనికివచ్చే మాట ఒకటి తేలుతుంది: ఫైళ్లు పంచుకునే ప్రతి పనికీ ఫైర్‌వాల్‌ను తెరవవలసిన అవసరం లేదు. ఉబుంటు, డెబియన్ వంటి లైనక్స్ పంపిణీలు తమ డిస్కు ఇమేజీలను టొరెంట్ల ద్వారా కూడా అందిస్తున్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ అయిన పాత తెలుగు పుస్తకాలెన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి, అక్కడ వాటికి టొరెంట్ ఫైళ్లు కూడా దొరుకుతాయి. వాటికి ఆర్కైవ్ సర్వర్లే ముక్కలు సరఫరా చేస్తాయి కాబట్టి, పుచ్చుకునేవాడి పోర్టు మూసి ఉన్నా పుస్తకం వచ్చి తీరుతుంది. ఇచ్చేవారు దండిగా ఉన్న చోట ఊరికే పోర్టు తెరవడం లాభంలేని పని. ఇచ్చేవారు ఇద్దరు ముగ్గురే ఉన్నప్పుడు, తన దగ్గరున్న ఫైలును ఇతరులకు ఇవ్వడమే ఉద్దేశమైనప్పుడు, తన రెండు కంప్యూటర్ల మధ్య ఫోల్డర్లు సరిసమానంగా ఉంచుకోవాలనుకున్నప్పుడు మాత్రమే లోపలికి దారి అవసరమవుతుంది.

అప్పుడు కూడా ముందు తేల్చుకోవలసింది, పలకరింపు ఎంత దూరం నుంచి వస్తుందన్నది. ఒకే వైఫైలో ఉన్న ఫోనుకూ కంప్యూటరుకూ మధ్య ఫోటోలు పంపే లోకల్‌సెండ్ అనే ప్రోగ్రాము 53317వ పోర్టును వాడుకుంటుంది. దానికి ఇంటి నెట్‌వర్కు దాటి ఒక్క ప్యాకెట్టు కూడా రావలసిన పని లేదు. రెండు ఊళ్లలో ఉన్న కంప్యూటర్ల మధ్య ఫోల్డర్లను జతగా నడిపే సింక్‌థింగ్ 22000వ పోర్టును టీసీపీ, యూడీపీ రెండింటిలోనూ, ఇంట్లోని తోటి యంత్రాలను వెతకడానికి యూడీపీలో 21027ను వాడుకుంటుంది. ఇందులో మొదటిదానికి బయటి దారి ఉంటే మేలు, రెండోదానికి ఇల్లు దాటే పనే లేదు. బిట్‌టొరెంట్‌కైతే ప్రపంచంలో ఎవరైనా పలకరించవచ్చు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘ఫైల్ షేరింగ్’ అనుకోవడంవల్లనే ఇంట్లో ఇవ్వవలసిన అనుమతి ఊరంతటికీ ఇచ్చే పొరపాటు జరుగుతుంది.

విండోస్‌లోనే అంతర్భాగంగా ఉన్న షేర్డ్ ఫోల్డర్ల సదుపాయం విషయంలో ఆ పొరపాటు ఖరీదు ఎంతో 2017లో తెలిసింది. ఎస్ఎంబీ అనే ఆ పద్ధతి 445వ పోర్టును వాడుకుంటుంది. దానిలోని లోపాన్ని పూడ్చే సవరణ 2017 మార్చిలోనే వచ్చినా, మే 12న వాన్నాక్రై అనే వార్మ్ ఆ సవరణ లేని యంత్రాలలోకి 445 మీదుగా చొరబడి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడగడం మొదలుపెట్టింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులలో పనులు స్తంభించిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని వాతపడ్డాయి. ఎస్ఎంబీ ఇంటిలోపలి వాడుకకు ఉద్దేశించినది. 445వ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవడం ఏ పరిస్థితిలోనూ, ఎంత కొద్దిసేపైనా, చేయదగిన పని కాదు. దూరాన ఉన్నవారికి ఫైళ్లు ఇవ్వాలంటే ఆ పనికోసమే పుట్టిన ప్రోగ్రామును వాడడమే ఉత్తమం.

ఇక నియమం రాసే పద్ధతి. స్టార్ట్ మెనూలో ఫైర్‌వాల్ అని వెతికి, అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ అన్న పేరు గలదానిని తెరిస్తే ఎడమవైపు ‘ఇన్‌బౌండ్ రూల్స్’, అంటే లోపలికి వచ్చే ప్యాకెట్ల నియమాలు, కనిపిస్తాయి. కొత్త నియమం చేర్చేముందు ఆ జాబితాను పేరు ప్రకారం వరుసలో పెట్టి, సంబంధిత ప్రోగ్రాము పేరిట ఎర్రటి నిషేధపు గుర్తుతో పాత నియమాలేవైనా ఉన్నాయేమో చూసి, ఉంటే తొలగించాలి; క్యాన్సిల్ నొక్కిన నాటి అవశేషాలు అవే. తరువాత కుడివైపు ‘న్యూ రూల్’ అన్నది నొక్కితే నాలుగు రకాలు అడుగుతుంది. చాలామంది పోర్టు అన్నదానిని ఎంచుకుంటారు, చాలా పుస్తకాలు కూడా అలాగే చెబుతాయి. కాని పోర్టును మాత్రమే తెరిచే నియమం ఆ పోర్టు దగ్గర ఏ ప్రోగ్రాము కూర్చున్నా దానికి వర్తిస్తుంది, టొరెంట్ ప్రోగ్రామును మూసివేశాక అదే పోర్టును మరొక అనామక ప్రోగ్రాము ఆక్రమించినా అనుమతి అలాగే నిలుస్తుంది. ప్రోగ్రాము అన్నదానిని ఎంచుకుంటే ఆ ప్రోగ్రాము ఏ పోర్టులోనైనా వినవచ్చునన్న అర్థం వస్తుంది. నాలుగోది అయిన ‘కస్టమ్’ ఒక్కటే ప్రోగ్రామునూ, పద్ధతినీ, పోర్టునూ, అవతలి చిరునామాలనూ ఒకే నియమంలో కలిపి అడుగుతుంది. నొక్కవలసిన బటన్లు ఒకటి రెండు ఎక్కువైనా ఎంచుకోదగినది అదే.

సింక్‌థింగ్‌నే ఉదాహరణగా తీసుకుంటే, కస్టమ్ నియమంలో మొదట ఆ ప్రోగ్రాము ఫైలు ఉన్న పూర్తి దారిని చూపాలి. తరువాత పద్ధతిగా టీసీపీని, ‘లోకల్ పోర్ట్’ దగ్గర 22000ను ఇవ్వాలి. రిమోట్ పోర్టు అన్న గడిని కదపకూడదు, ఎందుకంటే అవతలి కంప్యూటరు ఏ పోర్టునుంచి బయలుదేరుతుందో ముందుగా తెలియదు. ఈ రెండు గడులనూ తారుమారు చేయడం అనుభవజ్ఞులకు కూడా తప్పనిసరిగా ఒకసారైనా జరిగే తప్పు. ఆ వెనుక వచ్చే ‘స్కోప్’ అనే పుటలో ఎవరి చిరునామాలనుంచి రావచ్చునో నిర్ణయించవచ్చు: దూరపు ఊరినుంచి రావాలంటే ఏదైనా సరే అన్నదానిని ఉంచాలి, 21027 వంటి ఇంటిలోపలి పనికైతే ‘లోకల్ సబ్‌నెట్’ అన్నదానిని ఎంచుకోవాలి, అంటే అదే రూటరు కింద ఉన్న యంత్రాలకు మాత్రమే అని అర్థం. యూడీపీకి ఇదే పనిని మరొకసారి చేయాలి. బిట్‌టొరెంట్ ప్రోగ్రాములలో అయితే ఒక అడుగు ముందే ఉంది: కొన్ని ప్రతిసారీ కొత్త పోర్టును ఎంచుకునే ఏర్పాటుతో వస్తాయి, దానిని తీసివేసి ఒక పోర్టును ఖాయం చేసుకుంటే గాని నియమానికి అర్థం ఉండదు.

నియమం చివర వచ్చే ‘ప్రొఫైల్’ అన్న మాట దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. విండోస్ ప్రతి నెట్‌వర్కునూ డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అనే మూడు తరగతులలో ఒకదానిగా గుర్తిస్తుంది. మొదటిది సంస్థల యాజమాన్యంలోని నెట్‌వర్కు, రెండోది ఇంటివంటి నమ్మకమైన చోటు, మూడోది రైల్వే స్టేషను, హోటలు వంటి బహిరంగ ప్రదేశం. ప్రైవేట్‌కు మాత్రమే వర్తించే నియమం రాస్తే, అదే లాప్‌టాప్‌ను స్టేషనులోని వైఫైకి కలిపినప్పుడు ఆ దారి దానంతట అదే మూసుకుంటుంది, కాబట్టి ఇదే వాంఛనీయం. అయితే ఇప్పటి విండోస్ కొత్త నెట్‌వర్కును మొదట పబ్లిక్‌గానే లెక్కవేస్తుంది; సొంత ఇంటి వైఫై కూడా ఆ లెక్కలోనే ఉండిపోతే, ప్రైవేట్ కోసం ఎంత చక్కగా రాసిన నియమమైనా పనిచేయదు. సెట్టింగ్స్‌లో ఆ వైఫై వివరాలు తెరిచి ప్రైవేట్ అని మార్చడం అరనిమిషం పని. దానిని చేయకుండా నియమాన్ని పబ్లిక్‌కు కూడా విస్తరించడం సులువుగా కనిపించినా, ఆ సులువు ఫలితం ప్రయాణంలో అనుభవించవలసి వస్తుంది. ఇక యాంటీవైరస్ ప్యాకేజీతోపాటు దాని సొంత ఫైర్‌వాల్ కూడా వచ్చి ఉంటే, విండోస్ నియమాలతో ఎంత కుస్తీపట్టినా ప్రయోజనం లేదు. అసలు నిర్ణయం ఆ ప్యాకేజీ చేతిలో ఉంటుంది.

ఇంతా చేశాక కూడా బయటినుంచి పలకరింపు రాకపోతే దోషం కంప్యూటరులోనే వెతకకూడదు. ఐపీ చిరునామాలలో పాతదైన నాలుగో వెర్షనులో 32 బిట్లే ఉన్నందువల్ల మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. ప్రపంచ స్థాయిలో పంచిపెట్టే నిల్వ 2011 ఫిబ్రవరి 3న అడుగంటింది. ఆ కొరత వస్తుందని ముందే గ్రహించి, ఇంట్లోని యంత్రాలకు 192.168తో మొదలయ్యేవంటి అంతర్గత చిరునామాలు ఇచ్చి, బయటికి పోయేటప్పుడు రూటరు తన ఒకే చిరునామాను వాటన్నిటికీ తొడిగే పద్ధతిని 1994 నుంచి వాడుకలోకి తెచ్చారు. దానిని నాట్ అంటారు. బయటినుంచి వచ్చిన పలకరింపు రూటరుకు చేరుతుంది గాని, ఇంట్లోని ఏ యంత్రానికి అందించాలో దానికి తెలియదు. రూటరు సెట్టింగులలో ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ అన్న చోట ఫలానా పోర్టుకు వచ్చినది ఫలానా కంప్యూటరుకు పంపమని రాయడం దీనికి విరుగుడు; ఆ కంప్యూటరు అంతర్గత చిరునామా రోజుకొకటిగా మారకుండా రూటరులోనే స్థిరపరచడం అందులో భాగం. ఈ శ్రమ తప్పించడానికి యూపీఎన్‌పీ అనే ఏర్పాటు ఉంది, దానిలో ప్రోగ్రామే రూటరుతో మాట్లాడి దారి తెరిపించుకుంటుంది. సౌకర్యమే, కాని సాధారణంగా గుర్తింపు అడగకుండా చెప్పిన మాట వినే ఆ సేవ, మంచి ప్రోగ్రాము మాట విన్నట్టే ఇంట్లో చొరబడిన చెడ్డ ప్రోగ్రాము మాట కూడా వింటుంది కాబట్టి, ఒక్క పోర్టు అవసరమున్నవారు దానిని ఆపి చేత్తో రాసుకోవడమే మంచిది.

భారతదేశంలో అంతకంటే గట్టి అడ్డంకి మరొకటి ఉంది. అనేక మొబైల్ సంస్థలూ, కొన్ని బ్రాడ్‌బ్యాండ్ సంస్థలూ వేలాది ఖాతాదారులను తమ స్థాయిలో మరొక నాట్ వెనుక ఉంచుతాయి; అంటే ఇంటి రూటరుకు వచ్చిన చిరునామా కూడా నిజమైన బయటి చిరునామా కాదు. రూటరు పుటలో కనిపించే చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వాటిలో ఒకదానితో మొదలైనా, తన బయటి చిరునామా చెప్పే వెబ్‌సైటు చూపేదానితో అది సరిపోకపోయినా, పరిస్థితి ఇదేనని గ్రహించాలి. అటువంటి చోట ఫైర్‌వాల్‌ను ఆపివేసినా, రూటరును బోర్లించినా నాలుగో వెర్షను పలకరింపు ఒక్కటి కూడా లోపలికి రాదు. సంస్థనుంచి ప్రత్యేక చిరునామా కొనుక్కోవడమో, ఆరో వెర్షను చిరునామాను వాడుకోవడమో చేయాలి. ఐపీవీ6 అనే ఆ కొత్త పద్ధతిలో 128 బిట్లు ఉండడంవల్ల ప్రతి యంత్రానికీ సొంత బయటి చిరునామా దక్కుతుంది. జియో వంటి సంస్థల మూలంగా దేశంలో దాని వాడుక బాగా పెరిగింది. అక్కడ నాట్ అనే అనుకోని తెర కూడా ఉండదు కాబట్టి, కంప్యూటరులోని ఫైర్‌వాల్ విలువ పెరుగుతుందే గాని తగ్గదు. ఏ దారీ కుదరకపోతే సింక్‌థింగ్ వంటివి మధ్యలో రిలే సర్వరును పెట్టుకుని, సమాచారాన్ని గుప్తలిపిలో ఉంచి, నెమ్మదిగానైనా పని జరిపిస్తాయి. రెండు వైపులా బయటికి పోయే కనెక్షన్లే కాబట్టి ఫైర్‌వాల్ అడ్డురాదు.

దారి తెరుచుకున్నదో లేదో తెలుసుకోవడానికి ఊహలు అక్కరలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి ఎ, ఎన్, ఓ అనే అక్షరాలు చేర్చితే, ఏ ఏ పోర్టుల దగ్గర ఏ సంఖ్య గల ప్రోగ్రాము కూర్చుని వింటున్నదో జాబితా వస్తుంది. కావలసిన టీసీపీ పోర్టు పక్కన ‘లిజనింగ్’ అన్న మాట లేకపోతే తప్పు ఫైర్‌వాల్‌ది కాదు, ప్రోగ్రామే వినడం లేదు. వింటున్నా పలకరింపు అందకపోతే, ఫైర్‌వాల్ ప్రాపర్టీస్‌లో రాలిపోయిన ప్యాకెట్లను నమోదు చేసే లాగ్‌ను నడిపించాలి. అది మామూలుగా ఆపి ఉంటుంది. ఆ తరువాత అవతలివారిని మరొకసారి ప్రయత్నించమని చెప్పి లాగ్ ఫైలును తెరిస్తే, ఒక్కొక్క వరుసలో తేదీ, సమయం, ‘డ్రాప్’ అన్న తీర్పు, పద్ధతి, పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా, రెండు పోర్టుల సంఖ్యలు వరుసగా ఉంటాయి. తన పోర్టు సంఖ్యతో డ్రాప్ అన్న వరుస కనిపిస్తే నియమంలో తప్పున్నట్టు. ఏమీ కనిపించకపోతే ప్యాకెట్టు కంప్యూటరు దాకా రానేలేదు, రూటరునో సంస్థనో అనుమానించాలి. గంటలకొద్దీ బటన్లు మార్చి మార్చి చూసేవారికి ఈ ఒక్క ఫైలు చాలా శ్రమ తప్పిస్తుంది.

ఇంతవరకు చెప్పినది విండోస్ సంగతి; లైనక్స్‌లో నిర్ణయం తీసుకునేది కెర్నెల్‌లోని నెట్‌ఫిల్టర్ అయినా, ఉబుంటు వాడేవారు యూఎఫ్‌డబ్ల్యూ అనే సులభమైన ఉపకరణంతో పోర్టునూ పద్ధతినీ ఒక వాక్యంలో చెప్పి పని ముగించవచ్చు. అయితే అది ప్రోగ్రామును గుర్తించి తేడా చూపదు, పోర్టునే చూస్తుంది. మ్యాక్‌లో ఇందుకు విరుద్ధంగా పోర్టుల ప్రసక్తి లేకుండా ప్రోగ్రాముల వారీగా అనుమతి అడుగుతారు.

ఫైర్‌వాల్ అనుమతికి ఒక హద్దుందని కూడా గుర్తుంచుకోవాలి. అది ప్యాకెట్టు ఎవరికోసం వచ్చిందో చూస్తుంది గాని, లోపలున్నది ఏమిటో చూడదు. అనుమతి పొందిన ప్రోగ్రాములో భద్రతా లోపం ఉంటే ఆ లోపానికీ దారి దొరికినట్టే. అందుకే పోర్టు తెరిచిన ప్రోగ్రామును ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయడం తప్పనిసరి. బిట్‌టొరెంట్ ప్రతి ముక్కనూ హాష్ అనే గణిత ముద్రతో సరిచూస్తుంది, కాని ఆ ముద్ర ఈ ఫైలు టొరెంట్ తయారుచేసినవాడు ఇచ్చినదేనని మాత్రమే చెబుతుంది. అతడు మంచివాడని చెప్పదు. పంచుకునే ఫోల్డరుగా డాక్యుమెంట్లన్నీ ఉన్న ఫోల్డరును చూపించినవాడి బ్యాంకు కాగితాలనూ ఫైర్‌వాల్ కాపాడదు, 1957 నాటి కాపీరైట్ చట్టం కింద ఉన్న కొత్త సినిమాను పంచేవాడినీ కాపాడదు.

చివరగా, అప్‌డేట్ల విషయంలో ఒక చిక్కుంది. కొన్ని ప్రోగ్రాములు కొత్త వెర్షను వచ్చినప్పుడల్లా కొత్త ఫోల్డరులోకి మారతాయి. నియమం పాత దారికే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, నిన్నటిదాకా పనిచేసినది ఇవాళ పనిచేయదు, హెచ్చరిక పెట్టె మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ప్రోగ్రామును పూర్తిగా తీసివేసినప్పుడు కూడా చేత్తో రాసిన నియమాలూ, రూటరులో రాసిన ఫార్వర్డింగూ వాటంతట అవి పోవు. ఇన్‌బౌండ్ రూల్స్ జాబితాలో ఆ పేరిట ఉన్న రెండు వరుసలనూ, రూటరులో ఉన్న ఒక వరుసనూ అదే రోజు తొలగించాలి. నియమం రాసేటప్పుడే పేరులో ప్రోగ్రాము పేరు, పోర్టు, తేదీ చేర్చినవారికి ఆ వరుసలను వెతకడం కష్టం కాదు.